సైబర్ భద్రతా కేంద్రాన్ని నడిపే ఆచార్యుడు ఎలా తయారవుతాడు? స్పాఫోర్డ్ దారి, మన దారి

ప్రశ్న అడిగిన మిత్రుడి పరిస్థితి క్లుప్తంగా ఇది. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్సు బోధిస్తున్నారు. కళాశాలకు కొత్తగా సైబర్ సెక్యూరిటీ బ్రాంచి వచ్చింది, దాని బాధ్యత యాజమాన్యం ఆయనకే అప్పగించింది. ఆయన అడుగుతున్నవి మూడు: అమెరికా విశ్వవిద్యాలయాల్లో పెద్ద భద్రతా కేంద్రాలు నడిపిన ఆచార్యులు ఆ స్థాయికి ఎలా చేరారు? పీహెచ్‌డీ ముఖ్యమా, సర్టిఫికెట్లు ముఖ్యమా? మన కళాశాలల్లో ఉంటూ ఆ దారి పట్టవచ్చా? పరిశోధనాంశం దొరకలేదని కూడా రాశారు.

ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్ భద్రత చాలా ఏళ్లు బోధించినవాణ్ణి. ఇలాంటి విభాగాలు పుట్టడమూ, కొన్ని పేరుకే మిగిలిపోవడమూ దగ్గర నుంచి చూశాను. పదిమంది జీవితాలను పైపైన చెప్పేకంటే ఒక్కరి గురించి వివరంగా చెబుతాను. ఆయన పర్డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజీన్ స్పాఫోర్డ్. ఈ రంగంలో అందరూ ‘స్పాఫ్’ అని పిలుస్తారు. విశ్వవిద్యాలయాల్లో భద్రతను ఒక చదువుగా నిలబెట్టిన కొద్దిమందిలో ఆయన ముందు వరుసలో ఉంటారు.

ఆయన సైబర్ భద్రతలో డిగ్రీ చేసి రాలేదు. ఆయన చదువుకున్న రోజుల్లో అలాంటి డిగ్రీ లేదు. 1979లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాక్‌పోర్ట్ కళాశాలలో గణితం, కంప్యూటర్ సైన్సుతో డిగ్రీ పూర్తి చేసి జార్జియా టెక్‌లో చేరారు. 1986లో అక్కడే ‘క్లౌడ్స్’ అనే పంపిణీ ఆపరేటింగ్ సిస్టమ్ (పలు కంప్యూటర్లను ఒక్కటిగా నడిపేది) కెర్నల్, అంటే దాని కేంద్ర భాగం మీద డాక్టరేట్ పొందారు. (ఇప్పటి క్లౌడ్ సేవలకూ ఈ ప్రాజెక్టుకూ సంబంధం లేదు.) 1987లో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూలో అధ్యాపకుడిగా చేరినప్పుడు ఆయన పని సాఫ్ట్‌వేర్ పరీక్ష, డీబగ్గింగ్ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి సరిచేయడం). ప్రోగ్రాములో కావాలని చిన్న తప్పులు పెట్టి, మన పరీక్షలు వాటిని పట్టుకుంటున్నాయో లేదో చూసే పద్ధతి ఒకటుంది. దాన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. ఆ పద్ధతి మీద పనిచేసిన బృందంలో ఆయన ఒకరు. అంటే ప్రోగ్రాము ఎక్కడ, ఎందుకు చెడుతుందో వెతకడంలో అప్పటికే ఆయన చేయి తిరిగి ఉంది.

1988 నవంబరు 2 సాయంత్రం రాబర్ట్ టపాన్ మోరిస్ అనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి తాను రాసిన, యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రామును (దీన్నే ‘మోరిస్ వార్మ్’ అంటారు) ఎంఐటీలోని ఒక కంప్యూటరు నుంచి ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అప్పటికి మొత్తం ఇంటర్నెట్‌లో ఉన్నవి దాదాపు 60 వేల కంప్యూటర్లు. వాటిలో సుమారు ఆరు వేలకు అది సోకిందని అప్పటి అంచనా. ఈ ఘటన వివరాలను మీ విద్యార్థులకు తప్పక చెప్పండి, ఎందుకంటే అది వాడుకున్న దారులు ఈనాటికీ పూర్తిగా మూసుకుపోలేదు. మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాములో ఎవరో తీసేయకుండా వదిలేసిన డీబగ్ సౌకర్యం ఒక దారి. యంత్రాన్ని వాడేవాళ్ల వివరాలు చెప్పే ఫింగర్ సేవలో, వచ్చే అక్షరాల పొడవు చూడకుండా చదివేయడం వల్ల మెమరీ పొంగి పొర్లడం రెండోది. తేలికగా ఊహించగల పాస్‌వర్డ్‌లు, ఒక యంత్రం మరో యంత్రాన్ని గుడ్డిగా నమ్మే ఏర్పాటు మూడోది. ఒకసారి సోకిన యంత్రంలోకి మళ్లీ వెళ్లకుండా ఆ ప్రోగ్రాము ముందే ఒక తనిఖీ చేసేది. అయితే ఎవరైనా ఆ తనిఖీని మోసగించి దాన్ని ఆపేస్తారన్న అనుమానంతో, ఏడింట ఒకసారి ఆ తనిఖీని లెక్కచేయకుండా ఆ యంత్రంలోనే ఉండిపోయేలా మోరిస్ రాశాడు. ఆ ఒక్క నిర్ణయంతో యంత్రాల్లో దాని నకళ్లు గుట్టలుగా పేరుకుపోయి, ఆ యంత్రాలు పనిచేయలేని స్థితికి వచ్చాయి.

అప్పటికి స్పాఫోర్డ్ పర్డ్యూలో చేరి ఏడాదికి కాస్త ఎక్కువైంది. శాశ్వత ఉద్యోగం ఇంకా రాలేదు. ఆయన చేసినవి రెండు పనులు. దెబ్బతిన్న చోట్ల ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేందుకు మెయిలింగ్ జాబితా ఒకటి ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఆ ప్రోగ్రామును విప్పి, భాగం భాగంగా ఎలా పనిచేస్తుందో వివరిస్తూ కొద్ది వారాల్లోనే పర్డ్యూ సాంకేతిక నివేదికగా విడుదల చేశారు. అది చదివితే డీబగ్గింగ్ తెలిసినవాడి చూపు తెలుస్తుంది. రాసినవాణ్ణి మేధావిగా ఎత్తలేదు. కోడ్ నాణ్యత మామూలేనని, అందులో తప్పులున్నాయని చూపించారు. నేను ఈ నివేదికను తరగతిలో చాలాసార్లు చదివించాను. పెద్ద గోల జరుగుతున్నప్పుడు నిదానంగా కూర్చుని వస్తువును విప్పి చూసి, తెలిసినంత వరకు రాసి, అందరికీ అందుబాటులో పెట్టడం ఎలాగో విద్యార్థులకు అందులో కనిపిస్తుంది. పరిశోధనలో నాయకత్వం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ నివేదికే.

మోరిస్‌కు 1990లో శిక్ష పడింది: మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాతి కాలంలో ఆయన ఎంఐటీలోనే ఆచార్యుడయ్యారు. వార్మ్ ఘటన జరిగిన 1988 నవంబరులోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదటి కంప్యూటర్ అత్యవసర స్పందన కేంద్రం ఏర్పడింది. అందరూ అలాంటి అత్యవసర స్పందన వైపు చూస్తున్న సమయంలో స్పాఫోర్డ్ విద్యార్థులకు పనిముట్లు తయారుచేయించే పనిలో పడ్డారు.

మీరు జాగ్రత్తగా గమనించవలసిన దశ ఇదే. డాన్ ఫార్మర్ అనే విద్యార్థి ఆయన దగ్గర ‘కాప్స్’ తయారుచేశాడు. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రంలో అనుమతులు తప్పుగా ఉన్న ఫైళ్లు, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, ప్రమాదకరంగా వదిలేసిన ప్రోగ్రాములను వెతికి పట్టే చిన్న చిన్న స్క్రిప్టుల సముదాయం అది. 1990లో బయటికి వచ్చింది. తర్వాత 1992లో జీన్ కిమ్ ‘ట్రిప్‌వైర్’ రాశాడు. అప్పటికి అతను డిగ్రీ విద్యార్థి. ఇంటికి తాళం వేసి గడప దగ్గర పిండి చల్లి వెళితే, తిరిగి వచ్చాక ఎవరి పాదమైనా పడిందో లేదో తెలుస్తుంది. ట్రిప్‌వైర్ పద్ధతి అలాంటిదే. యంత్రం శుభ్రంగా ఉన్నప్పుడే ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ గణిత ముద్రలు లెక్కించి, చెరపడానికి వీల్లేని చోట దాచుతుంది. తర్వాత మళ్లీ లెక్కించి పోల్చి చూస్తుంది. చొరబాటుదారు ఎంత నేర్పుగా ఫైలు మార్చినా ముద్ర మారుతుంది. దీన్ని ఉచితంగా ఇచ్చారు, ప్రపంచమంతా వాడింది. కిమ్ 1997లో ఆ పేరుతోనే ఒక సంస్థను స్థాపించాడు.

ఇవి మహా సిద్ధాంతాలు కావు. ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు మర్నాడు ఉదయం పనికొచ్చే వస్తువులు. అప్పట్లో కంప్యూటర్ భద్రతను చాలా విభాగాలు పరిశోధనాంశంగానే లెక్కించేవి కావు. గూఢలిపి శాస్త్రానికి గౌరవం ఉండేది, ప్రభుత్వ రక్షణ ప్రాజెక్టులకు చోటుండేది, మిగిలినదంతా ‘అడ్మినిస్ట్రేషన్ పని’ అనే మాట వినిపించేది. అలాంటి వాతావరణంలో కొత్త అధ్యాపకుడు డిగ్రీ విద్యార్థితో పనిముట్టు రాయించి దానికే పేరు తేవడం సాహసమే. నా అభిప్రాయంలో ఆయన తర్వాత కట్టిన కేంద్రానికి అసలు పునాది ఈ విద్యార్థుల పనే. నిధులిచ్చేవాళ్లు, వచ్చి చేరాలనుకునే విద్యార్థులు ముందుగా చూసింది ఆ పనిముట్లనే.

1991లో సింసన్ గార్ఫింకెల్‌తో కలిసి యునిక్స్ భద్రత మీద ఆయన రాసిన ఆచరణాత్మక పుస్తకం ఎందరో అడ్మినిస్ట్రేటర్ల బల్లల మీదకు చేరింది. 1992లో పర్డ్యూలో ‘కోస్ట్’ అనే ప్రయోగశాల ఆరంభమైంది. అదే ఏడాది ఆయన అచ్చువేసిన ఒక వ్యాసం నాకు చాలా ఇష్టం. కంప్యూటర్లలోకి చొరబడటం ఎప్పుడైనా నైతికమవుతుందా అనేది అందులో ప్రశ్న. లోపాలు చూపించడానికే చేశాం, ఖాళీగా ఉన్న యంత్రాన్నే వాడుకున్నాం, నేర్చుకోవడానికే చేశాం అని చెప్పే వాదనలన్నిటినీ ఒక్కొక్కటిగా తీసుకుని తోసిపుచ్చారు. ప్రాణాపాయంలాంటి అరుదైన సందర్భానికి తప్ప సమర్థన లేదన్నారు. మన దగ్గర సైబర్ సెక్యూరిటీ బ్రాంచిలో చేరే కుర్రాడు మొదట అడిగేది ‘హ్యాకింగ్ ఎప్పుడు నేర్పిస్తారు’ అనే. ఈ వ్యాసంలోని ప్రశ్నలను మొదటి వారమే తరగతి ముందు పెట్టండి. పక్కనే మన ఐటీ చట్టాన్నీ పెట్టండి. అనుమతి లేకుండా ఇతరుల యంత్రంలోకి మోసపూరితంగా వెళ్లడం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడగల నేరం. పందొమ్మిదేళ్ల పిల్లలకు ఇది ఎవరూ చెప్పకుండానే పనిముట్లు చేతికివ్వడం చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

కోస్ట్ నుంచి 1998లో ‘సెరియస్’ పుట్టింది. సమాచార భద్రతలో విద్యకూ పరిశోధనకూ పర్డ్యూ నెలకొల్పిన కేంద్రం అది. దాని ప్రత్యేకత ఏమిటంటే, అది ఏ ఒక్క విభాగానికీ చెందలేదు. కంప్యూటర్ సైన్సుతో పాటు భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, మేనేజ్‌మెంట్, రాజనీతిశాస్త్రం వంటి విభాగాల వాళ్లు అందులో సభ్యులు. ఇది అలంకారానికి చేసిన ఏర్పాటు కాదు. ఉదాహరణకు కంప్యూటర్ శాస్త్రవేత్త మిఖాయిల్ అటాలా, భాషాశాస్త్రవేత్త విక్టర్ రాస్కిన్ కలిసి, మామూలు వాక్యాల అర్థం చెడకుండా వాటిలో కంటికి కనిపించని గుర్తును ఎలా దాచవచ్చో పరిశోధించారు. ఆ ప్రశ్న ఏ ఒక్క విభాగంలోనూ పుట్టేది కాదు. 2000 నుంచి సమాచార భద్రతలో మాస్టర్స్ కూడా ఇలాగే అనేక విభాగాల ఉమ్మడి కోర్సుగా నడిచింది. డిజిటల్ ఫోరెన్సిక్స్ పనిచేసేవాళ్లు ఈరోజుకీ వాడే ‘స్లూత్ కిట్’ను రాసిన బ్రయాన్ క్యారియర్ పర్డ్యూలోనే డాక్టరేట్ చేశారు.

కేంద్రాధిపతిగా ఆయన రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే ఈ స్థానంలో ఉన్న అందరి రోజులూ ఒకేలా ఉంటాయి. ఒక విభాగాధిపతి తన అధ్యాపకుడి సమయం మీకెందుకివ్వాలని అడుగుతాడు. నిధులిచ్చే సంస్థ ఆరు నెలల్లో ఫలితం కావాలంటుంది. తెలివైన విద్యార్థికి చదువు సగంలో ఉండగానే ఉద్యోగం వస్తుంది. సొంత పరిశోధనకు దొరికే సమయం ఏడాదికేడాదీ తరుగుతుంది. పేరు కోసం ఈ పదవి కోరుకునేవాళ్లు మూడో ఏడాదికి అలసిపోవడం నేను చూశాను. ఇతరుల పని బాగా సాగడం చూసి సంతోషించగలిగేవాళ్లే చివరిదాకా నిలబడ్డారు.

1997లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు స్పాఫోర్డ్ సాక్ష్యమిస్తూ, భద్రతలో డాక్టరేట్లు, బోధించే విశ్వవిద్యాలయాలు ఎంత తక్కువగా ఉన్నాయో వివరించారు. 1999లో అక్కడి జాతీయ భద్రతా సంస్థ సమాచార భద్రత విద్యలో మొదటి శ్రేష్ఠ కేంద్రాలను గుర్తించినప్పుడు ఏడే దొరికాయి: పర్డ్యూ, అయోవా స్టేట్, ఐడహో, ఐడహో స్టేట్, జేమ్స్ మాడిసన్, జార్జ్ మేసన్, కాలిఫోర్నియా డేవిస్. ఈ పేర్లు మరోసారి చదవండి. ఎంఐటీ లేదు, స్టాన్‌ఫర్డ్ లేదు. పోకటెల్లో అనే చిన్న ఊళ్లోని ఐడహో స్టేట్‌లో ఆ కార్యక్రమాన్ని దీర్ఘకాలం నడిపించిన కోరీ షౌ పనిచేసింది బిజినెస్ కళాశాల నుంచి. మీ మూడో ప్రశ్నకు ఇదే సగం జవాబు.

తర్వాత ఆ గుర్తింపు పొందిన సంస్థల సంఖ్య పెరుగుతూ పోయింది. 2008లో స్పాఫోర్డ్ దాన్ని బహిరంగంగా విమర్శించారు. దేశంలో అన్ని శ్రేష్ఠ కేంద్రాలు ఉండటం సాధ్యం కాదని, కోర్సులను ఒక పట్టికకు సరిపెట్టడం శ్రేష్ఠత కాదని ఆయన వాదన. తన సంస్థకు మొదట్లో పేరు తెచ్చిన గుర్తింపు గురించే ఇలా మాట్లాడటానికి ధైర్యం కావాలి. కళాశాలలకు గుర్తింపు ఇచ్చే నాక్, ఎన్‌బీఏ ఫైళ్ల కోసం సెమిస్టరు సగం ఖర్చుచేసే మనకు ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

2003లో ఆయన అమెరికా అధ్యక్షుడి సమాచార సాంకేతిక సలహా సంఘంలో సభ్యులయ్యారు. 2005 ఫిబ్రవరిలో ఆ సంఘం సైబర్ భద్రతపై ఇచ్చిన నివేదిక, దేశం మొత్తం మీద ఈ రంగంలో చురుగ్గా పరిశోధిస్తున్న నిపుణులు 250 మందికన్నా తక్కువని తేల్చింది. ప్రాథమిక పరిశోధనకు ఏటా మరో 9 కోట్ల డాలర్లు కేటాయించాలని సిఫారసు చేసింది. అదే ఏడాది జూన్‌లో సంఘం గడువు ముగిసింది, ప్రభుత్వం దాన్ని పొడిగించలేదు. సలహా ఇచ్చేవాడి పరిస్థితి అలాగే ఉంటుంది. అయినా ఆయన ఆగలేదు. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎంకు చెందిన అమెరికా విధాన కమిటీకి పదిహేనేళ్లకు పైగా అధ్యక్షత వహించారు.

పాస్‌వర్డ్‌ల సంగతి కూడా చెప్పాలి. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే నియమం మెయిన్‌ఫ్రేములనే పాత పెద్ద కంప్యూటర్ల కాలపు లెక్కల నుంచి వచ్చిందని, ఇప్పటి ప్రమాదాలకు అది పెద్దగా పనికిరాదని ఆయన 2006లోనే రాశారు. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’ తన మార్గదర్శకాల్లో చెప్పింది 2017లో. నడుమ పదకొండేళ్లు. అందరూ ఆచారంగా పాటించేదాన్ని పట్టుకుని ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దాడిని ఆపుతుంది’ అని అడగడమే ఈ రంగంలో ఆచార్యుడి అసలు పని అని నా నమ్మకం. 2016లో ఆయన కేంద్ర నిర్వహణ బాధ్యత నుంచి తప్పుకుని గౌరవాధిపతిగా మిగిలారు.

ఇక మన దేశం. ఇక్కడా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బిమల్ రాయ్ గూఢలిపి శాస్త్రంలో ఒక తరం శిష్యులను తయారుచేశారు. 2000లో మొదలైన ఇండోక్రిప్ట్ సదస్సు వెనక ఆయన కృషి ఉంది. ఆ సదస్సు హైదరాబాద్‌కూ వచ్చింది. వర్జీనియా టెక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల్లో ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లు) మీద పనిచేసిన సందీప్ శుక్లా 2015లో కాన్పూర్ ఐఐటీకి వచ్చారు. అక్కడ కీలక మౌలిక వ్యవస్థల భద్రతకు ఏర్పడిన సీ3ఐ కేంద్రాన్ని నడిపించారు. 2025లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సంచాలకులయ్యారు. ఈ ఇద్దరిలో ఒకరు గణాంకాల సంస్థ నుంచి, మరొకరు హార్డ్‌వేర్ వైపు నుంచి వచ్చారు. ఇద్దరూ ముందు ఒక అంశంలో లోతుకు దిగారు, కేంద్రం ఆ తర్వాత వచ్చింది.

మీ రెండో ప్రశ్నకు నేరుగా జవాబు: విశ్వవిద్యాలయంలో పరిశోధనను నడిపించాలంటే పీహెచ్‌డీ తప్పదు. అది ‘సైబర్ సెక్యూరిటీ’ అనే పేరుతోనే ఉండనక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్కులు, గణితం, చివరికి న్యాయశాస్త్రమైనా సరే, గట్టి మార్గదర్శి దొరికే అంశం ఎంచుకోండి. సర్టిఫికెట్లు తరగతిలో ప్రయోగాలు చేయించడానికి మీకు ధైర్యమిస్తాయి, అంతవరకు తీసుకోండి. వాటిని విభాగానికి సిలబస్‌గా మాత్రం చేయకండి. పరిశ్రమలో పనిముట్టు మారిన రోజున మీ సిలబస్ కూలిపోతుంది.

రేపటి నుంచి చేయదగిన పనులు చెబుతాను. కళాశాల నెట్‌వర్కుకు ఏ సంబంధమూ లేని చిన్న ప్రయోగశాల కావాలి. పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్లు చాలు, వాటిలో వర్చువల్ యంత్రాలు (ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరు) నడపవచ్చు. ఎవరు ఏం చేయవచ్చో రాసిన అనుమతి పత్రం మీద ప్రిన్సిపాల్ సంతకం ముందే తీసుకోండి. మొదటి ఏడాది దాడి పనిముట్లకన్నా ముందు లాగ్‌లు (యంత్రంలో జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాలు) చదవడం, ఫైలు అనుమతులు, సీ భాషలో మెమరీ తప్పులు నేర్పండి. మోరిస్ వార్మ్ ఫింగర్ సేవలో వాడిన లోపాన్ని వర్చువల్ యంత్రంలో విద్యార్థుల చేతనే పునర్నిర్మింపజేసి, వాళ్ల చేతనే సరిచేయించండి. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో ఒక్కదాన్నైనా మీ కళాశాల కార్యాలయమే రోజూ వాడుకునే పనిముట్టుగా తీర్చిదిద్దండి. హాజరు, ఫీజు, పరీక్షల సర్వర్లలో ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూపించే చిన్న ప్రోగ్రాము అయినా సరే. దాన్ని తర్వాతి బ్యాచికి అప్పగించే ఏర్పాటు చేయండి. మన ప్రాజెక్టులు వైవా రోజునే చనిపోతాయి, వాటి మీద రెండో అంతస్తు లేవదు.

కేంద్ర ప్రభుత్వం 2005 నుంచి నడుపుతున్న సమాచార భద్రత విద్య, అవగాహన ప్రాజెక్టు సామగ్రి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ శాఖ ద్వారా తెలుగులోనూ అందుతోంది. బ్యాంకింగ్ భద్రత కావాలంటే రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోనే ఉంది. మీ కళాశాలలో ఎంబీఏ విభాగం ఉంటే వాళ్లతో ఒక ఉమ్మడి ప్రాజెక్టు ఈ ఏడాదే మొదలుపెట్టండి. పల్లెల్లో యూపీఐ మోసాలకు బలయ్యే పెద్దవాళ్లు ఏ మాటకు నమ్మి ఓటీపీ చెబుతున్నారో మీ జిల్లాలో కూర్చుని మీరు అధ్యయనం చేయగలరు. పర్డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లఫాయెట్‌లో ఉన్నవాళ్లు చేయలేరు. పరిశోధనాంశం దొరకలేదని మీరు ప్రశ్నలో రాసిన వాక్యానికి ఇదే నా సమాధానం. తెలుగులో జరిగే ఈ మోసాల సంభాషణల మీద భాషాశాస్త్రం, పోలీసు రికార్డులు, కంప్యూటర్ సైన్సు కలిసి చేయవలసిన పని కొండంత ఉంది.

యాజమాన్యం మొదటి ఏడాదే ప్లేస్‌మెంట్ల లెక్క అడుగుతుంది, అది తప్పదు. మూడేళ్ల గడువు రాతపూర్వకంగా అడగండి. బదులుగా ఏటా మీరు చూపించేది ఏమిటో మీరే రాసివ్వండి: వాడుకలో ఉన్న ఒక పనిముట్టు, బయటివాళ్లు చదివిన ఒక నివేదిక, పై చదువుకు వెళ్లిన ఇద్దరు విద్యార్థులు.

మీ దగ్గర ఎన్ని యంత్రాలున్నాయి, ఒక బ్యాచిలో ఎంతమంది, సీ భాష ఏ సెమిస్టరులో చెబుతున్నారు అనే మూడు వివరాలు ఇక్కడే రాయండి. మొదటి సెమిస్టరు ప్రయోగాల క్రమం వివరంగా రాసి పెడతాను.